గాలి తగలని చుక్కలు

గ్రీకులో మిక్తోస్ అంటే కలగలిసినది. 1992లో ఏథెన్స్ విశ్వవిద్యాలయానికి చెందిన ఎర్మిస్ యాత్రూ, నికోస్ హజీక్రిస్టిడిస్ అనే ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు ఈ పాత మాటను తెచ్చి, చెయ్యి అనే అర్థమున్న ఇంగ్లీషు మాటకు అతికించారు. అలా పుట్టింది ‘మిక్టోఆర్మ్’. సగం గ్రీకు, సగం ఇంగ్లీషు. మన వ్యాకరణం మాస్టారి చేతిలో పడితే వైరి సమాసం అని ఎర్రసిరాతో కొట్టేసేవాడు. కానీ వాళ్ళు పేరు పెడుతున్న వస్తువు కూడా అచ్చం అలాంటిదే. ఒకదానితో ఒకటి పొసగని గొలుసుల్ని ఒకే ముడికి కట్టిన అణువు అది.

పాలిమర్ అంటే చిన్న చిన్న అణువులు వేలకొద్దీ చెయ్యీ చెయ్యీ పట్టుకుని నిలబడ్డ గొలుసు అని మనందరికీ స్కూల్లో చెప్పారు. అలాంటి గొలుసులు మూడో, నాలుగో, పన్నెండో ఒకే బిందువు దగ్గర ముడిపడితే చుక్క ఆకారం వస్తుంది. అదే స్టార్ పాలిమర్. చేతులన్నీ ఒకే రకమైతే మామూలు చుక్క. ఒక చెయ్యి పాలీస్టైరీన్ (మనం థర్మోకోల్ అనేది ఇదే), ఇంకో చెయ్యి పాలీఐసోప్రీన్ (రబ్బరు చెట్టు పాలలో ఉండేది ఇదే), మూడోది మరొకటి అయితే కలగలుపు చేతుల చుక్క. థర్మోకోల్, రబ్బరు విడివిడిగా ఉంటే నూనె, నీళ్ళలాగా దేని దారి దానిది. ఒకే ముడికి కట్టేస్తే విడిపోవాలన్నా విడిపోలేవు. ఆ విడిపోలేని పెనుగులాటలోంచి మిల్లీమీటరులో లక్షోవంతు కొలతల్లో చిత్రమైన అల్లికలు పుడతాయి. వాటి సంగతి చివర్లో.

నేను కెమిస్ట్రీ వాణ్ణి కాదు. కడపలో పెరిగి, ఇంజనీరింగ్ చదివి, కోడ్ రాసి బతుకుతున్నవాణ్ణి. ఈ చరిత్రలో నన్ను పట్టుకున్నది ఒక్క ప్రశ్న. ఈ చుక్కలు ఏథెన్స్‌లో పుట్టాయి సరే, మద్రాసులో ఎందుకు పుట్టలేదు? తిరుపతిలో, అనంతపురంలో, కడపలో ఎందుకు పుట్టలేదు? “మనవాళ్ళకు అంత సీన్ లేదు” అనే జవాబు మన దగ్గర ఎప్పుడూ రెడీగా ఉంటుంది. ఆ జవాబు సోమరితనం అని నా అభిప్రాయం. 1950ల తొలినాళ్ళ మాంచెస్టర్‌ని కాస్త దగ్గర్నుంచి చూస్తే, తెలివితేటలకంటే వేరే ఏదో ఈ లెక్క తేల్చిందని కనిపిస్తుంది.

ముందు అసలు ఇబ్బంది ఏమిటో చూద్దాం. తొలి చుక్కలు 1948లోనే వచ్చాయి. అమెరికాలో గుడ్‌ఇయర్ టైర్ల కంపెనీలో పనిచేస్తున్న షేఫ్‌గెన్, ఫ్లోరీ అనే ఇద్దరు, నాలుగు ఆమ్ల సమూహాలున్న అణువునీ ఎనిమిది ఉన్న అణువునీ కేంద్రంగా పెట్టి, వాటినుంచి నైలాన్ గొలుసులు పెంచారు. ఆ ఫ్లోరీయే తర్వాత 1974లో నోబెల్ అందుకున్న పాల్ ఫ్లోరీ. అవి ఒకే రకం చేతుల చుక్కలు. వేరువేరు చేతులు కావాలంటే ఏం చేయాలి? రెండు రకాల గొలుసుల్ని గిన్నెలో వేసి కలిపేస్తే సరిపోదా?

సరిపోదు. మూడు కుర్చీలున్న కేంద్రం ఒకటి ఊహించండి. ఎర్ర గొలుసులు, నల్ల గొలుసులు చెరిసగం ఉన్నాయి, ఎవరు ఏ కుర్చీలో కూర్చుంటారో మన చేతిలో లేదు. మూడుసార్లు నాణెం ఎగరేసినట్టే లెక్క. ఎనిమిదింట ఒకటి మొత్తం ఎరుపు, ఎనిమిదింట ఒకటి మొత్తం నలుపు, మిగతావి రెండు-ఒకటి, ఒకటి-రెండు. అదే నాలుగు కుర్చీల కేంద్రంలో నాలుగు రకాల గొలుసులు తలా ఒకటి కూర్చోవాలంటే, యాదృచ్ఛికంగా అది జరిగే అవకాశం 256లో 24. వందకు తొమ్మిది చిల్లర. మిగిలిన తొంభై పైచిలుకు మనకొద్దు. కానీ వాటిని ఏరి పారేయడం దాదాపు అసాధ్యం, ఎందుకంటే బరువులో, స్వభావంలో అన్నీ దగ్గరదగ్గరగా ఉంటాయి. అంటే కలపడం అసలు సమస్యే కాదు. ఏ గొలుసు ఎప్పుడు, ఎన్ని, ఎక్కడ కూర్చోవాలో శాసించగలగడం సమస్య. దానికి గొలుసు చివర ప్రాణంతో ఉండాలి, మనం చెప్పేదాకా ఆగాలి, చెప్పాక మాత్రమే అతుక్కోవాలి.

ఇప్పుడు మాంచెస్టర్. 1951లో ఒక పాలిమర్ పత్రికలో, నీటిలో వెలుగుతో మొదలయ్యే వినైల్ పాలిమరీకరణ మీద ఒక పేపర్ వచ్చింది. రచయితలు ముగ్గురు: ఎం.జి. ఇవాన్స్, ఎం. సంతప్ప, ఎన్. యూరి. ఇవాన్స్ అప్పటికి మాంచెస్టర్‌లో ప్రొఫెసర్. సంతప్ప అంటే ముషి సంతప్ప. తర్వాతి కాలంలో మద్రాసు విశ్వవిద్యాలయంలో పాలిమర్ కెమిస్ట్రీకి ఒక పెద్ద బడిని నిలబెట్టి, 1967లో భట్నాగర్ అవార్డు తీసుకుని, మద్రాసులోని కేంద్ర తోళ్ళ పరిశోధనా సంస్థకు డైరెక్టరై, తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయానికీ మద్రాసు విశ్వవిద్యాలయానికీ వైస్ ఛాన్సలర్‌గా చేసిన మనిషి. మన సాహిత్య సభల్లో ఎవరి నోటా ఈ పేరు రాగా నేను వినలేదు.

ఆ 1951 నాటికి అదే మాంచెస్టర్ కెమిస్ట్రీ విభాగంలో ఇంకొకాయన ఉన్నాడు. మైకేల్ ష్వార్ట్స్. పోలండ్‌లో పుట్టిన యూదు. వార్సాలో చదివి, పాలస్తీనా వెళ్ళి, అక్కణ్ణుంచి మాంచెస్టర్ చేరినవాడు. 1947లో ఆయన అక్కడ గుర్తించిన ఒక పాలిమర్‌ని, పారిలీన్ పేరుతో, సర్క్యూట్ బోర్డులకు తడి తగలకుండా పైపూతగా ఇవాళ్టికీ వాడుతున్నారు. తడి నుంచి కాపాడుకోవడం అనేది ఆయన జీవితమంతా వెంటాడిన విషయంలా అనిపిస్తుంది నాకు. 1952లో ఆయన అమెరికాలో సిరక్యూస్ వెళ్ళిపోయాడు.

ఒకే విభాగం, ఒకే కాలం. అక్కణ్ణుంచి రెండు దారులు చీలాయి.

సంతప్ప దారి ఫ్రీ రాడికల్ దారి. ఇనుము, సీరియం వంటి లోహాల లవణాలు నీళ్ళలో వేసి, అవసరమైతే వెలుగు పడనిచ్చి, జతలేని ఎలక్ట్రాన్ ఉన్న రాడికల్స్‌ని పుట్టించడం. రాడికల్‌కి తొందర ఎక్కువ. ఒక మోనోమర్‌ని పట్టుకుంటుంది, దాన్ని వదలకుండా ఇంకోదాన్ని పట్టుకుంటుంది, అలా సెకను, రెండు సెకన్లలో వేల మోనోమర్ల గొలుసు కట్టేస్తుంది. ఈలోపు ఎదురుగా ఇంకో రాడికల్ వస్తుంది, ఎలక్ట్రాన్లు రెండూ జత కడతాయి, రెండు గొలుసులూ అక్కడికక్కడే చచ్చిపోతాయి. పుట్టడం, పెరగడం, చావడం అన్నీ గిన్నెలో ఒకేసారి జరుగుతుంటాయి. మనం ఆపి, “ఉండు, ఇప్పుడు నిన్ను ఫలానా చోట కూర్చోబెడతాను” అనేలోపు అది పోయి ఉంటుంది.

ష్వార్ట్స్ దారి వేరు. 1956లో ఆయన, లెవీ, మిల్కోవిచ్ కలిసి సోడియం, నాఫ్తలీన్‌లతో చేసిన ఆకుపచ్చ ద్రావణంలో స్టైరీన్ వేశారు. రంగు ఒక్కసారిగా ఎరుపుకి మారింది. స్టైరీన్ మొత్తం అయిపోయాక కూడా ఆ ఎరుపు పోలేదు. ఇంకాస్త స్టైరీన్ వేస్తే గొలుసులు ఆగినచోటు నుంచే మళ్ళీ పెరిగాయి. పాకంలా జారే ద్రవం కదలనంత చిక్కనైంది. స్టైరీన్ బదులు ఐసోప్రీన్ వేస్తే అదే గొలుసు చివర రబ్బరు పెరిగింది. వీటికి ఆయన పెట్టిన పేరు లివింగ్ పాలిమర్లు. కిటుకు చాలా సులువు. ఈ గొలుసుల చివర్లన్నిటికీ ఋణావేశం. రెండు ఋణావేశాలు ఒకదాన్నొకటి తోసేసుకుంటాయి తప్ప జత కట్టవు. అందుకని వాటిలో అవి చంపుకోవు. మనం చెప్పేదాకా చేతులు చాచుకుని ఎదురుచూస్తూనే ఉంటాయి.

చుక్కలు కట్టడానికి కావలసింది సరిగ్గా ఇదే.

కానీ దీని ఖరీదు చూడండి. ఈ చివర్లు తమలో తాము చావవు గానీ నీళ్ళు తగిలితే చస్తాయి, గాలిలోని ఆక్సిజన్ తగిలితే చస్తాయి, కార్బన్ డయాక్సైడ్ తగిలినా అంతే. ఎంత నీళ్ళు? ఒక చిన్న లెక్క వేసుకున్నాను. పది గ్రాముల పాలిమర్, ఒక్కో గొలుసు అణుభారం లక్ష అనుకుందాం. అంటే గిన్నెలో ఉన్న బతికిన చివర్లు మోల్‌లో పదివేలవ వంతు. వాటన్నిటినీ చంపడానికి అన్నే నీటి అణువులు చాలు. తూకంలో 1.8 మిల్లీగ్రాములు. ఒక నీటి బొట్టు యాభై మిల్లీగ్రాములు ఉంటుందనుకుంటే, అందులో ఇరవై ఎనిమిదో వంతు. గాజు గోడకు కంటికి కనపడకుండా అంటుకుని ఉండే తేమ దీనికంటే ఎక్కువే ఉండొచ్చు.

మా చిన్నాయన డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యాడు. ఈ లెక్క ఆయనకు ఫోన్‌లో చెబితే పగలబడి నవ్వి, “రేయ్ అబ్బీ, మా ల్యాబులో డిస్టిల్డ్ వాటర్ దొరికిన దినం మేము పండగ జేసుకుంటాంటిమి. నువ్వేమో నీళ్ళే తగలగూడదంటాండావు” అన్నాడు.

అందుకే ఈ దారిలో నడిచినవాళ్ళు కెమిస్టులు మాత్రమే కాదు, గాజు పనివాళ్ళు కూడా. ప్రతి ప్రయోగానికీ ఒక కొత్త గాజు పరికరం ఊది తయారుచేయాలి. దాన్ని వాక్యూమ్ గొట్టానికి అతికించి, లోపలి గాలంతా లాగేసి, మంటతో గోడలు కాల్చి తేమ వదిలించాలి. మోనోమర్లనూ ద్రావకాలనూ ఒకటికి నాలుగుసార్లు శుద్ధిచేసి గాజు గుళికల్లో మూసి పెట్టుకోవాలి. ఆ గుళికకు ఒకచోట గుడ్డుపెంకులా పల్చటి గాజు పొర ఉంటుంది. సమయం వచ్చినప్పుడు లోపలే ఉంచిన ఇనుప ముక్కని బయటినుంచి అయస్కాంతంతో ఎత్తి వదిలి ఆ పొరను పగలగొట్టాలి. చెయ్యి లోపలికి పోదు, మూత తెరుచుకోదు. బెంజీన్‌ని బతికున్న పాలీస్టైరీన్‌తో కలిపి నిల్వచేస్తారు. ఎర్రరంగు ఉన్నంతకాలం అది పొడిగా ఉన్నట్టు గుర్తు. రంగు వెలిసిందంటే ఎక్కడో గాలి దూరింది. పని అయ్యాక పరికరాన్ని కోసి తీసేస్తారు, మళ్ళీ మొదటినుంచి ఊదాలి. ఒక చుక్క కట్టడానికి వారాలు పడుతుంది, నెలలు కూడా.

ఇలా పట్టుబట్టినవాళ్ళు మెల్లగా ముందుకెళ్ళారు. 1962లో అమెరికాలోని ఆక్రాన్‌లో మారిస్ మోర్టన్ బృందం, నాలుగు క్లోరిన్లున్న సిలికాన్ అణువును కేంద్రంగా పెట్టి, ఒక్కో క్లోరిన్ స్థానంలో ఒక్కో బతికిన పాలీస్టైరీన్ గొలుసుని కూర్చోబెట్టింది. ఆ పేపర్ రచయితల్లో గాడ్కరీ అని ఒక భారతీయ పేరు ఉంటుంది. చరిత్రలో ఇలాంటి పేర్లు నాకు గుచ్చుకుంటాయి, ఎందుకంటే ‘మనవాళ్ళ వల్ల కాదు’ అనే మాటకి అవి అడ్డుపడతాయి. ఆక్రాన్‌లో గాజు ఊదేవాడు, వాక్యూమ్ లైను, శుద్ధమైన మోనోమర్ దొరికినప్పుడు ఒక భారతీయుడు చుక్క కట్టినవాళ్ళలో ఒకడయ్యాడు. 1978లో హజీక్రిస్టిడిస్, గుయో, ఫెటర్స్ ఎనిమిది చేతులు, పన్నెండు చేతుల రబ్బరు చుక్కలు చేశారు. అవీ ఒకే రకం చేతులవే.

వేరువేరు చేతుల కిటుకు 1990లో జిమ్మీ మేస్ అనే అమెరికన్ చూపించాడు. మూడు క్లోరిన్ కుర్చీలున్న సిలికాన్ అణువు తీసుకుంటాం. కొద్దిపాటి పాలీస్టైరీన్ గొలుసులకి ఈ సిలికాన్‌ని ఎక్కడా లేనంత ఎక్కువగా పోస్తాం. కుర్చీలు కుప్పలు తెప్పలు, కూర్చునేవాళ్ళు తక్కువ. దాంతో ఏ రెండు గొలుసులూ ఒకే కేంద్రం మీద పడవు. ప్రతి గొలుసూ తనదంటూ ఒక కేంద్రాన్ని పట్టుకుని, రెండు కుర్చీలు ఖాళీగా ఉంచుకుంటుంది. మిగిలిపోయిన సిలికాన్ అణువులు చిన్నవి, ఆవిరయ్యేవి, కాబట్టి వాక్యూమ్ పెట్టి లాగేస్తే పోతాయి. ఇప్పుడు రబ్బరు గొలుసుల్ని కాస్త ఎక్కువే పోస్తే రెండు ఖాళీలూ నిండుతాయి. ఒక థర్మోకోల్ చెయ్యి, రెండు రబ్బరు చేతులు. నాణెం ఎగరేయడం అనేదే లేదు.

దీన్ని మేస్ ఏమని పిలిచాడో తెలుసా? ఆ పేపర్ శీర్షికలో చుక్క అనే మాటే లేదు. ‘సింపుల్ గ్రాఫ్ట్’ అన్నాడు. మామూలు అంటు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మద్రాసు వెళ్ళినప్పుడు పనికొస్తుంది.

రెండేళ్ళకు ఏథెన్స్ వాళ్ళు మూడు కుర్చీల్లో మూడు వేరువేరు గొలుసులు కూర్చోబెట్టారు. మొదటిది మేస్ పద్ధతిలోనే, పాలీఐసోప్రీన్. కష్టమంతా రెండోదాంట్లో ఉంది. రెండు ఖాళీలున్నాయి, పాలీస్టైరీన్ గొలుసు ఒక్కటే కూర్చోవాలి, రెండోది ఎక్కకూడదు. ఇక్కడ ‘ఎక్కువ పోసి తర్వాత లాగేద్దాం’ అంటే కుదరదు, గొలుసు ఆవిరవ్వదు కదా. అందుకని వాళ్ళు టైట్రేషన్ చేశారు. ఇంటర్ ప్రాక్టికల్స్‌లో బ్యూరెట్‌తో మనం చేసిందే, కాకపోతే గాలి లేని గాజు గొట్టాల్లో. కొంచెం కొంచెంగా పోస్తూ, నడుమ నడుమ కాస్త నమూనా తీసి, గొలుసుల సైజు కొలిచే యంత్రంలో చూస్తూ, సరిగ్గా ఒక్కో కేంద్రానికి ఒక్కోటి చేరాక ఆపడం. లావుపాటి పాలీస్టైరీన్ చివర ఇరుకైన సిలికాన్ మీద రెండోసారి కూర్చోవడానికి అంత సులువుగా ఒప్పుకోదు. ఆ మొండితనమే ఇక్కడ సాయం చేసింది. చివరి కుర్చీకి సన్నపాటి పాలీబ్యూటాడయీన్, అది ఎంత ఇరుకులోనైనా దూరుతుంది. అంటే ఎవరు ముందు, ఎవరు తర్వాత అన్న వరసలోనే తెలివంతా ఉంది. 1993లో ఇదే బృందం నాలుగు కుర్చీల్లో నాలుగు రకాలనూ కూర్చోబెట్టింది. వందకు తొమ్మిది అనుకున్నామే, దాన్ని.

అందరూ ఇంత కఠినంగా వెళ్ళలేదు. స్ట్రాస్‌బూర్గ్‌లో సిత్సిలియానిస్, షోమోన్, రాంప్ 1990లో ఇంకో పద్ధతి రాశారు. బతికిన గొలుసుల చివర కాస్త డైవినైల్‌బెంజీన్ వేస్తే అవి ఒక చిన్న ముడిగా చిక్కుపడతాయి. ఆ ముడిలో ఇంకా ప్రాణమున్న చోట్లు మిగులుతాయి, అక్కణ్ణుంచి రెండో రకం చేతులు బయటికి పెంచొచ్చు. పని సులువు, చేతులు బోలెడు, కానీ ఎన్ని చేతులంటే సగటు మాత్రమే చెప్పగలం. వాళ్ళు వీటిని ‘హెటెరోఆర్మ్’ అన్నారు. హెటెరో కూడా గ్రీకే, వేరైనది అని. ఒకరు వేరన్నారు, ఒకరు కలిసిందన్నారు. పేర్లు పెట్టే అంతర్జాతీయ సంఘం ఈ రెండూ కాదని ‘వన్నెవన్నెల చుక్క’ అని అర్థమొచ్చే ఇంగ్లీషు మాట నిర్ణయించింది. దాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. నిలిచింది ఏథెన్స్ వాళ్ళ వైరి సమాసమే.

ఈ కాలమంతా మద్రాసులో ఏం జరుగుతోంది?

సంతప్ప తెచ్చుకున్న రాడికల్ కెమిస్ట్రీకి నీళ్ళంటే భయం లేదు. ఆక్సిజన్ దీనికీ పడదు గానీ, నైట్రోజన్ బుడగలు కాసేపు పంపితే చాలు. మోనోమర్, నీళ్ళు, ఆమ్లం, లోహ లవణం, వెలుగు. విశ్వవిద్యాలయ ల్యాబులో సాధ్యమయ్యేవి ఇవి. ఆయన శిష్యులు ఏళ్ళ తరబడి ఏ లోహ అయాన్ ఎంత వేగంగా రాడికల్స్‌ని పుట్టిస్తుంది, గొలుసు ఎలా చస్తుంది అనేది కొలిచి కొలిచి రాశారు. అంతా గతిశాస్త్రం. చదవడానికి బోరు కొడుతుంది, ఒప్పుకుంటాను. కానీ గొలుసు చావుని ఇంత ఓపికగా కొలిచిన బడులు తక్కువ.

పక్కనే తోళ్ళ పరిశోధనా సంస్థ. 1948లో మొదలైంది, యలవర్తి నాయుడమ్మ దాన్ని దేశంలో పేరున్న సంస్థగా నిలబెట్టాడు. తోలు అంటే ప్రధానంగా కొల్లాజెన్ అనే ప్రోటీన్, అది కూడా పాలిమరే. అక్కడ కె. పాండురంగారావు, కె.టి. జోసెఫ్, నాయుడమ్మ తదితరులు సీరియం అయాన్లతో కొల్లాజెన్ మీద రాడికల్స్ పుట్టించి, అక్కణ్ణుంచి అక్రిలిక్ గొలుసులు మొలిపించారు. దీన్నే గ్రాఫ్టింగ్ అంటారు. అంటు కట్టడం. మామిడికి మామిడి కాదు, జంతువు చర్మానికి ప్లాస్టిక్ అంటు. ఒక ముడి, దాని దగ్గర రెండు పక్కలా ప్రోటీన్ గొలుసు, మూడో పక్క కృత్రిమ గొలుసు. బొమ్మ గీసి చూడండి. మేస్ 1990లో కట్టిన బొమ్మే. అందుకే ఆయన దాన్ని ‘సింపుల్ గ్రాఫ్ట్’ అన్నాడు.

తేడా లేదని నేననను. మద్రాసు అంటులో ఎన్ని గొలుసులు మొలిచాయి, ఎక్కడెక్కడ మొలిచాయి అనేది నాణెం ఎగరేసిన లెక్కే. అంటుకోకుండా విడిగా పెరిగిపోయిన గొలుసుల్ని ద్రావకంతో కడిగి కడిగి వదిలించుకోవాలి. ఏథెన్స్ చుక్క ఒక సిద్ధాంతాన్ని పరీక్షించడానికి పనికొచ్చే నికార్సయిన వస్తువు. మద్రాసు అంటు అలా పనికిరాదు. కానీ ఆ సంస్థ ముందున్న ప్రశ్న కూడా వేరు. పల్చటి, బోలు తోలును నిండుగా చేయడం ఎలా అనేది వాళ్ళ ప్రశ్న. దానికి గొలుసుల సంఖ్య కచ్చితంగా తెలియాల్సిన పనిలేదు. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి ఒకటి గొప్ప సైన్సు, ఇంకోటి చిల్లర పని అనడం మాత్రం నాకు నచ్చదు. ఎవరి చేతిలో ఏ పరికరం ఉందో, ఎవరి వాకిట్లో ఏ అవసరం నిలబడి ఉందో చూడకుండా ఇచ్చే మార్కులు అవి.

తోళ్ళ ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక పక్కదారి. దక్షిణాదిన తోళ్ళు ఊనడానికి పాతకాలంలో వాడింది తంగేడు చెక్క, కరక్కాయ. తంగేడు మా సీమలో బీళ్ళలో, గట్ల మీద ఎక్కడపడితే అక్కడ పూస్తుంది. కరక్కాయలో ఉండే కెబ్యులాజిక్ ఆమ్లం బొమ్మ చూసి ఆశ్చర్యపోయాను. మధ్యలో ఒక గ్లూకోజ్, దాని చుట్టూ మూడు వేరువేరు రకాల ఆమ్ల శాఖలు. ఇది పాలిమర్ కాదు, చిన్న అణువే. అయినా ఒక కేంద్రం, పొసగని చేతులు అనే నమూనా మన దగ్గుమందు డబ్బాలోనే ఉందన్నమాట. దీన్నుంచి ‘అన్నీ మన వేదాల్లోనే’ టైపు వాట్సప్ ఫార్వర్డ్ తయారుచేసుకోవద్దని మనవి.

కథ 1995లో మలుపు తిరిగింది. జపాన్‌లో సవామోటో, అమెరికాలో మాటియాషెవ్‌స్కీ విడివిడిగా ఒక సంగతి చూపించారు. రాడికల్‌ని బతికించలేం గానీ నిద్రపుచ్చగలం. గొలుసు చివర ఒక హాలోజన్‌ని మూతలా పెడతారు. ఒక లోహ లవణం (మాటియాషెవ్‌స్కీది రాగి, సవామోటోది రుథేనియం) ఆ మూతను క్షణంపాటు తీస్తుంది, గొలుసు రెండు మూడు మోనోమర్లు పట్టుకుంటుంది, మళ్ళీ మూత పడుతుంది. ఏ క్షణంలో చూసినా దాదాపు అన్ని గొలుసులూ నిద్రలోనే ఉంటాయి. మెలకువగా ఉన్నవి ఎంత తక్కువంటే, రెండు ఎదురుపడి చావడం అరుదైపోయింది. 1998లో ఆస్ట్రేలియా నుంచి రాఫ్ట్ అనే ఇంకో పద్ధతి వచ్చింది. దాంట్లో లోహమే అక్కర్లేదు, గంధకపు సమ్మేళనం చాలు.

అంటే సంతప్ప నడిచిన దారికి నలభై ఏళ్ళ తర్వాత ష్వార్ట్స్ దారిలోని గుణం వచ్చి చేరింది. గొలుసు ఎదురుచూడటం నేర్చుకుంది. గాజు ఊదేవాడు తప్పనిసరి కాకుండా పోయాడు. కొన్నిటికి నీళ్ళు కూడా అడ్డం కావు.

దీంతో చుక్కలు కట్టే తీరే మారిపోయింది. ఒకే కేంద్రం మీద రెండు వేరువేరు తాళాలు పెడతారు. ఒక చివర ఆల్కహాల్ సమూహం. అది కాప్రోలాక్టోన్ వంటి ఉంగరపు అణువుల్ని విప్పి గొలుసు కడుతుంది. ఇంకో చివర బ్రోమిన్. అది రాగి లవణం తగిలితేనే మేలుకుంటుంది. మొదటి తాళం తీస్తే రెండోది కదలదు, రెండోది తీస్తే మొదటిది కదలదు. మా భాషలో చెప్పాలంటే ఒకే ఆబ్జెక్ట్‌కి ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు ఇంటర్‌ఫేస్‌లు. 2002లో రాగితో నడిచే క్లిక్ చర్య కూడా చేతికొచ్చింది. ఒక గొలుసు చివర అజైడ్, ఇంకోదాని చివర ఆల్కైన్ పెడితే చాలు, నీళ్ళున్నా గాలున్నా పెద్దగా లెక్కచేయకుండా టక్కున అతుక్కుంటాయి. దానికి 2022లో నోబెల్ వచ్చింది. 1956లో దారి వేసిన ష్వార్ట్స్‌కి మాత్రం నోబెల్ రాలేదు, 1991లో క్యోటో బహుమతితో సరిపెట్టారు.

ఇక కడప. యోగి వేమన విశ్వవిద్యాలయం 2006లో వచ్చింది. అంతకుముందు అది తిరుపతి విశ్వవిద్యాలయపు పీజీ సెంటర్. ఇప్పుడు అక్కడి కెమిస్ట్రీ విభాగంలో పాలిమర్ బయోమెటీరియల్స్‌కని ఒక ల్యాబ్ ఉంది. అనంతపురం శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలో పాలిమర్ సైన్సుకి ఒక విభాగమే ఉంది. ఈ చోట్ల జరిగే పనిలో ఎక్కువ భాగం బంకలు, సెల్యులోజ్ వంటి సహజ గొలుసుల మీద కృత్రిమ గొలుసులు అంటుకట్టి, నీళ్ళు పీల్చి ఉబ్బే హైడ్రోజెల్స్ చేసి, వాటిలోంచి మందు మెల్లగా విడుదలయ్యేలా చూడటం. కలగలుపు చేతుల చుక్కలు కావవి. వాటిని అలా పిలిచి మురిసిపోవడం అబద్ధం అవుతుంది. కానీ రాడికల్, నీళ్ళు, అంటు అనే మూడు మాటలూ మద్రాసు నుంచి తిన్నగా ఇక్కడికే దిగివచ్చాయి. మందు మోయడం అనే పనిలోనే ఏథెన్స్ వంశం, మద్రాసు వంశం ఇవాళ ఒకదానికొకటి ఎదురుపడుతున్నాయి. 2004లో మిన్నెసోటాలో హిల్‌మైయర్, లాడ్జ్ బృందం మూడు రకాల చేతుల చుక్కల్ని నీళ్ళలో వేసి, ఒకే కణంలో వేరువేరు అరలు ఏర్పడతాయని చూపించింది. రెండు పడని మందుల్ని ఒకే సంచిలో వేరువేరు జేబుల్లో మోయొచ్చన్న ఆశ ఆ అరల మీదే.

కట్టడం చవకైంది గానీ, కట్టింది నిజంగా మూడు చేతుల చుక్కేనని రుజువు చేయడం చవక కాలేదు. గొలుసుల సైజు కొలిచే యంత్రాలు, ఎన్ఎంఆర్, ఎక్స్-రే పరిక్షేపణం, మంచి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కావాలి. ఒకప్పుడు గాజు ఊదేవాడు కూర్చున్న చోట ఇప్పుడు ఈ యంత్రాల బిల్లు కూర్చుంది. మన జిల్లా విశ్వవిద్యాలయాల గురించి రాసేవాళ్ళు ర్యాంకుల గురించి కాకుండా దీని గురించి రాస్తే బాగుంటుంది.

మొదట్లో దాటేసిన అల్లికల సంగతి. మూడు రకాల చేతులు ఒకే ముడికి ఉన్నప్పుడు, ఏ రకం చేతులు ఆ రకంతో గుంపు కడతాయి. కానీ ముడి మాత్రం మూడు గుంపులూ కలిసే అంచు మీదే ఉండాలి, ఇంకెక్కడికీ పోలేదు. దాంతో ముడులన్నీ గీతలుగా బారులు తీరతాయి. ఆ పదార్థాన్ని అడ్డంగా కోసి మైక్రోస్కోపులో చూస్తే చతురస్రాలు, షడ్భుజాలు, పన్నెండు భుజాల బొమ్మలు సందు లేకుండా పరుచుకుని కనిపిస్తాయి. చుక్కలు పెట్టి మెలికలు తిప్పిన ముగ్గులా ఉంటుంది, ఒక్కో గడి మీటరులో కోట్లవంతు. నగోయాలో మత్సుషిటా బృందం ఈ ముగ్గుల్ని ఏళ్ళ తరబడి వెతికింది. 2007లో హయషిడా, డొటేరా, టకానో, మత్సుషిటా పాలీఐసోప్రీన్, పాలీస్టైరీన్, పాలీవినైల్‌పిరిడీన్ చేతులున్న చుక్కలకి కాస్త విడి పాలీస్టైరీన్ కలిపి చూశారు. చతురస్రాలు, త్రిభుజాలు కలగలిసి పరుచుకున్నాయి. పన్నెండు దిక్కుల సౌష్ఠవం ఉంది గానీ, ఎంత దూరం వెళ్ళినా అదే వరస మళ్ళీ రాలేదు.